కొత్త నిర్మాణాలపై ఇంపాక్ట్ ఫీజు: రేటు సవరణకు ప్రాతిపదికలు

ప్రత్యేక వ్యాసం

నగరంలో ఇరవై అంతస్తుల నివాస సముదాయం ఒకటి పూర్తయితే, అందులో చేరే వందలాది కుటుంబాలకు మంచినీరు పాత పైపులైను నుండే అందాలి. మురుగునీరు పాత కాల్వలోకే చేరాలి. వాహనాలు ఉన్న రోడ్డు మీదికే రావాలి. ఆ పైపులైనును, కాల్వను, రోడ్డును విస్తరించడానికయ్యే వ్యయాన్ని ఎవరు భరించాలన్నది పట్టణ పాలనలో చిరకాలంగా ఉన్న ప్రశ్న. ఏళ్ల తరబడి ఆస్తి పన్ను చెల్లిస్తున్న పాత నివాసులు భరించాలా, కొత్తగా నిర్మించేవారు భరించాలా, లేక రాష్ట్ర ఖజానా భరించాలా? భారాన్ని కలిగించే నిర్మాణమే అందులో తన వాటాను ఒక్కసారిగా, అనుమతి సమయంలోనే చెల్లించాలన్నది ఇంపాక్ట్ ఫీజు వెనుకనున్న సూత్రం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో హైదరాబాద్ మహానగర ప్రాంతంలో ఈ రుసుమును ప్రవేశపెట్టింది. 2012లో రాష్ట్రవ్యాప్త భవన నిర్మాణ నిబంధనలలో దీనికి చోటు లభించింది. రేటు సవరణ ప్రతిపాదన వచ్చినప్పుడల్లా చర్చ ఎంత పెంచారు, ఎంత తగ్గించారు అన్న అంకెల చుట్టూనే తిరుగుతుంది. అయితే రుసుము నిలిచేదీ, వీగిపోయేదీ ఆ అంకెను బట్టి కాదు. వసూలు చేసిన రూపాయికీ, చేపట్టిన పనికీ మధ్య సంబంధాన్ని చూపగలిగామా లేదా అన్నదానిని బట్టి. రేటు సవరణలో అధికారులు గమనించవలసిన, విలేకరులు అడగవలసిన అంశాలన్నీ ఈ ఒక్క విషయం నుండే పుడతాయి.

ఏది ఇంపాక్ట్ ఫీజు, ఏది కాదు

భవన నిర్మాణ అనుమతి కోరే దరఖాస్తుదారు చెల్లించే మొత్తంలో అనేక పద్దులు కలిసి ఉంటాయి. అనుమతి రుసుము దరఖాస్తు పరిశీలనకు సంబంధించినది. అభివృద్ధి చార్జీలు 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల (అభివృద్ధి) చట్టం, ఆ తరువాత వచ్చిన చట్టాల కింద పట్టణాభివృద్ధి సంస్థలు విధించేవి. బెటర్‌మెంట్ చార్జీలు స్థలానికి చేరువలోని వసతుల మెరుగుదలకు ఉద్దేశించినవి. నిర్మాణ వ్యయంపై ఒక శాతంగా వసూలయ్యే సెస్సు కేంద్ర చట్టం ప్రకారం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి చేరుతుంది. వీటిలో ఏదీ ఇంపాక్ట్ ఫీజు కాదు. పత్రికా వార్తలలో ఇవన్నీ కలిపి "అనుమతి ఫీజులు" అన్న ఒకే పేరుతో వెలువడుతుండటం వల్ల, ఏ పద్దు పెరిగిందో, ఏది తగ్గిందో పాఠకునికి తెలియకుండా పోతున్నది.

అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణకు చెల్లించే మొత్తంతో దీనిని కలపడం మరింత పొరపాటు. 2007 డిసెంబరు 31న వెలువడిన జి.ఓ.ఎం.ఎస్. నం. 901 భవనాల క్రమబద్ధీకరణకు, నం. 902 లేఅవుట్ల క్రమబద్ధీకరణకు సంబంధించినవి. అవి జరిగిపోయిన ఉల్లంఘనకు విధించిన అపరాధ రుసుములు. ఇంపాక్ట్ ఫీజు చెల్లించేవారు నిబంధనను ఉల్లంఘించినవారు కారు. నిబంధన అనుమతించిన మేరకే నిర్మిస్తూ, ఆ నిర్మాణం వల్ల నగరంపై పడే భారానికి తమ వాటా చెల్లిస్తున్నవారు.

ఇంపాక్ట్ ఫీజుకు మూడు లక్షణాలున్నాయి. అది ఒక్కసారి చెల్లించేది. స్థలం సరిహద్దు వెలుపల చేపట్టే పనులకు ఉద్దేశించినది. మూలధన వ్యయానికే పరిమితమైనది. వీధిదీపాల కరెంటు బిల్లుకు, పారిశుధ్య సిబ్బంది జీతాలకు, గుంతలు పూడ్చడానికి ఆ సొమ్ము వాడటం రుసుము స్వభావానికే విరుద్ధం. అవి ఏటేటా ఆస్తి పన్నుతో జరగవలసిన పనులు.

హైదరాబాద్ 2006

2006 మార్చి 3న జారీ అయిన జి.ఓ.ఎం.ఎస్. నం. 86 ద్వారా హైదరాబాద్ సవరించిన భవన నిర్మాణ నిబంధనలు అమలులోకి వచ్చాయి. స్థల వైశాల్యానికి ఇన్ని రెట్లు మాత్రమే నిర్మించాలన్న ఎఫ్.ఎస్.ఐ. పరిమితిని ఆ నిబంధనలు తొలగించాయి. ముందున్న రోడ్డు వెడల్పు, స్థల వైశాల్యం, చుట్టూ వదలవలసిన ఖాళీ జాగాలను బట్టి భవనం ఎత్తు నిర్ణయమయ్యే విధానం వచ్చింది. ముంబయి వంటి నగరాలలో మూల పరిమితికి మించిన నిర్మిత వైశాల్యాన్ని ప్రీమియం చెల్లించి పొందవలసి ఉంటుంది. హైదరాబాద్‌లో అటువంటి కొనుగోలు అవసరం లేకుండాపోయింది. విశాలమైన రోడ్డుపై పెద్ద స్థలం ఉన్నవారు ఎత్తుగా నిర్మించుకోవచ్చు. పడమటి శివార్లలో తరువాతి కాలంలో లేచిన ఆకాశహర్మ్యాలకు పునాది ఈ నిబంధనలలోనే ఉన్నది.

పరిమితిని ఎత్తివేసిన ఆ ఉత్తర్వే నగరస్థాయి మౌలిక సదుపాయాల ఇంపాక్ట్ ఫీజునూ తెచ్చింది. ఈ రెండింటినీ విడదీసి చూడరాదు. ఎత్తుకు ఇచ్చిన స్వేచ్ఛ వల్ల నగరం మీద పడే భారానికి పరిహారంగా రుసుము వచ్చింది. ఆ పరిహారం సకాలంలో పనిగా మారకపోతే స్వేచ్ఛ మాత్రమే మిగులుతుంది. కాల్వలు, రోడ్లు ఉన్నచోటనే ఉంటాయి.

ఆ కాలపు ఆర్థిక నేపథ్యాన్ని కూడా గుర్తుచేసుకోవడం అవసరం. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ మిషన్ 2005 డిసెంబరు 3న ప్రారంభమైంది. నలభై లక్షలకు మించిన జనాభా గల హైదరాబాద్ వంటి నగరాలలో ప్రాజెక్టు వ్యయంలో కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం భరిస్తే, మిగిలిన 50 శాతం స్థానిక సంస్థ సొంత వనరుల నుండో, రుణం ద్వారానో సమకూర్చుకోవలసి ఉండేది. విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకు ఈ వాటా 30 శాతం. సగం వ్యయం తెచ్చుకోవలసిన నగరానికి కొత్త నిర్మాణాల నుండి వచ్చే ఆదాయం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. 2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ నగరపాలక సంస్థలో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు విలీనమై గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడింది. విలీనమైన ప్రాంతాలలో అప్పటికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ కొరతగానే ఉంది. భవనాలు ముందు వచ్చాయి, పైపులు తరువాత వచ్చాయి.

2012 ఏప్రిల్ 7 నాటి జి.ఓ.ఎం.ఎస్. నం. 168 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు ఇదే రుసుమును కొనసాగించాయి. 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలలో ఆ ఎత్తుకు పైన వచ్చే నిర్మిత వైశాల్యంపై, వినియోగాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి చదరపు మీటరుకు ఇంత అని రేటు నిర్ణయించడం జరిగింది. ప్రభుత్వ శాఖలకు, ప్రజా సంస్థలకు మినహాయింపు కల్పించినా, అవి చేపట్టే వాణిజ్య ప్రాజెక్టులకు ఆ మినహాయింపు వర్తించదు. వసూలైన సొమ్మును ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో ఉంచాలని, అందులో 50 శాతం అదే ప్రాంతంలోని మౌలిక సదుపాయాలకు, మిగిలినది నగరస్థాయి మూలధన పనులకు వినియోగించాలని, ఇందుకు మౌలిక సదుపాయాల ప్రణాళికను, కార్యాచరణ ప్రణాళికను రూపొందించాలని నిబంధన స్పష్టంగా నిర్దేశించింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో ఈ నిబంధనలు కొనసాగగా, ఆంధ్రప్రదేశ్‌లో 2017 మార్చి 28 నాటి జి.ఓ.ఎం.ఎస్. నం. 119 ద్వారా కొత్త భవన నిర్మాణ నిబంధనలు వచ్చాయి.

మొత్తం నిబంధనలో ఎస్క్రో ఖాతా వాక్యమే అత్యంత విలువైనది. పత్రికలలో అతి తక్కువగా ప్రస్తావనకు వచ్చేదీ అదే.

15 మీటర్ల గీత గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. గీత అన్నాక ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. అయితే స్టిల్టుపై ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఒకే వీధిలో ఇరవై వరకు వరుసగా వెలసిన కూకట్‌పల్లి, నిజాంపేట వంటి చోట్ల వాటన్నింటి మురుగునీరు కలిసి ఒక్క ఎత్తైన భవనం కంటే ఎక్కువ భారమే మోపుతుంది. ఆ భవనాలు బెటర్‌మెంట్, అభివృద్ధి చార్జీలు చెల్లిస్తాయి గానీ, ఇంపాక్ట్ ఫీజు పరిధిలోకి రావు. భారాన్ని ఎత్తుతో కొలవడం సులభం, కానీ నీటి వాడకం, వాహనాల సంఖ్య ఎత్తును బట్టి కాక నివాసుల సంఖ్యను బట్టి పెరుగుతాయి. రేటు సవరణతో పాటు ఈ కొలమానాన్ని కూడా పునఃపరిశీలించడం సబబు.

లెక్క ఎలా కట్టాలి

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాంతంలో రానున్న పదేళ్లలో 3 లక్షల చదరపు మీటర్ల కొత్త నిర్మిత వైశాల్యం వస్తుందని అంచనా. అక్కడ పెద్ద మురుగునీటి లైను వేయడానికి 12 కోట్ల రూపాయలు కావాలి. భాగహారం చేస్తే చదరపు మీటరుకు 400 రూపాయలు వస్తుంది. చాలా చోట్ల లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. అసలు పరిశీలన మొదలు కావలసింది ఇక్కడే.

కొత్త లైనులో మూడవ వంతు సామర్థ్యం, పాత కాలనీలలో ఎప్పటినుండో ఉన్న లోటును పూడ్చడానికే సరిపోతుందనుకుందాం. ఆ లోటుకు కొత్తగా నిర్మించేవారు కారకులు కారు. కాబట్టి వారి నుండి రాబట్టదగినది 8 కోట్లు మాత్రమే. అప్పుడు రేటు చదరపు మీటరుకు సుమారు 267 రూపాయలు అవుతుంది. మిగిలిన 4 కోట్లు పన్నుల ఆదాయం నుండి లేదా గ్రాంటు నుండి రావాలి. పాత లోటును కొత్తవారి నెత్తిన మోపితే, ఆ రుసుము న్యాయస్థానం ముందు నిలవడం కష్టం.

ఇక కాలం సంగతి. 267 రూపాయల రేటును ఐదేళ్లపాటు తాకకుండా వదిలేశారని, నిర్మాణ సామగ్రి, కూలి ధరలు ఏటా 6 శాతం పెరిగాయని అనుకుందాం. అంచనా వేసిన నిర్మాణాలలో సగం మొదటి ఐదేళ్లలో వచ్చి, ఆ మేరకు పనీ పూర్తయిందనుకుంటే, మిగిలిన సగం పనికి 4 కోట్లకు బదులు సుమారు 5 కోట్ల 35 లక్షలు కావాలి. పాత రేటుపై వచ్చేది 4 కోట్లే. తేడా అయిన కోటి 35 లక్షల రూపాయలను నగరం మొత్తం భరిస్తుంది, లేదా లైను సగంలో ఆగుతుంది. రేటు మార్చకపోవడమంటే యథాతథంగా ఉంచడం కాదు, ఏటేటా తగ్గించడమే. ఆ తగ్గింపు ఏ ఉత్తర్వులోనూ కనిపించదు గనుక ఎవరూ దానికి జవాబు చెప్పవలసిన పని ఉండదు.

ఇందుకు విరుగుడు పరిపాలనలో ఇప్పటికే ఉన్నది. ఇంజినీరింగ్ శాఖల వాడుకలో ఎస్.ఎస్.ఆర్.గా పిలిచే ప్రామాణిక ధరల పట్టికను కాలానుగుణంగా సవరిస్తుంటారు. పని అంచనా విలువ ఆ పట్టికతో పాటు మారుతున్నప్పుడు, అదే పనికి నిధులిచ్చే రుసుము మాత్రం కదలకుండా ఉండటానికి హేతువు కనిపించదు. రుసుమును పట్టికతో అనుసంధానిస్తే ఏటా స్వల్పంగా, ముందే తెలిసిన మేరకు మార్పు ఉంటుంది. ఐదారేళ్లకొకసారి ఒక్కసారిగా పెంచి, నిరసన రాగానే వాయిదా వేయవలసిన అవసరం తప్పుతుంది. గృహ నిర్మాణదారుకు కూడా ఇదే మేలు. స్థలం కొనేనాటికే రెండేళ్ల తరువాతి రుసుము ఎంతో లెక్క వేసుకోగలుగుతాడు.

అంచనా తప్పే అవకాశాన్ని కూడా మరువరాదు. స్థిరాస్తి రంగం మందగించి 3 లక్షల చదరపు మీటర్లకు బదులు 2 లక్షలే వస్తే రాబడి మూడవ వంతు తగ్గుతుంది. లైను మాత్రం మొత్తం వేయక తప్పదు. సగం పొడవు పైపు వేస్తే సగం మురుగునీరు పోదు, ఏమీ పోదు. అందువల్లనే ఇంపాక్ట్ ఫీజును ఏకైక వనరుగా నమ్ముకుని రుణం తీసుకోవడం ప్రమాదకరం.

అమెరికా అనుభవం

ఈ రుసుముకు సంబంధించిన న్యాయసూత్రాలు అత్యంత విస్తృతంగా రూపుదిద్దుకున్నది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. అక్కడి వివాదాలు మన అధికారులకు ఉపయోగపడే పాఠాలు. ఫ్లోరిడా రాష్ట్రంలోని డనీడిన్ అనే చిన్న నగరం కొత్తగా నీటి, మురుగునీటి కనెక్షను తీసుకునేవారిపై విస్తరణ వ్యయం నిమిత్తం రుసుము విధించింది. 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, కొత్త వినియోగదారుల నుండి వారి వంతు విస్తరణ వ్యయం రాబట్టడం సమంజసమేనని అంగీకరించింది. అయినా ఆ నగర శాసనాన్ని మాత్రం నిలబెట్టలేదు. వసూలైన సొమ్మును విస్తరణకే ఖర్చు చేయాలన్న షరతు శాసనంలో లేకపోవడమే కారణం. సూత్రం గెలిచింది, ఖాతా లేకపోవడం వల్ల నగరం ఓడింది.

1978లో కాలిఫోర్నియా ప్రజలు ప్రొపోజిషన్ 13ను ఆమోదించి ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి, విలువ మదింపులో వార్షిక పెరుగుదలను రెండు శాతానికి పరిమితం చేశారు. పన్ను దారి ఇరుకైన నగరాలు రుసుముల దారి పట్టాయి. రుసుములు పెరిగాక వాటిపై అదుపు కోసం 1987లో ప్రత్యేక చట్టం వచ్చింది. రుసుము ఉద్దేశం ఏమిటో, ఏ సదుపాయానికి వాడతారో, నిర్మాణానికీ ఆ సదుపాయానికీ సంబంధమేమిటో నగరం ముందుగా చూపాలి. ఐదేళ్లు గడిచినా ఖర్చు కాని సొమ్ము ఇంకా ఎందుకు అవసరమో వివరించాలి, లేకుంటే తిరిగి చెల్లించాలి. 2021లో మరొక శాసనం ద్వారా ఎనిమిదేళ్లకొకసారైనా ఈ అధ్యయనాన్ని నవీకరించాలని, గృహాలపై రుసుమును సాధారణంగా ఇంటి వైశాల్యానికి అనుగుణంగా విధించాలని నిర్దేశించారు. చిన్న ఇంటికీ పెద్ద ఇంటికీ ఒకే మొత్తం విధిస్తే బిల్డర్లు పెద్ద ఇళ్లే కడతారన్నది అక్కడి అనుభవం.

తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రం కూడా 1987లోనే ఇంపాక్ట్ ఫీజు చట్టం చేసింది. నీటి సరఫరా, మురుగునీరు, వరదనీటి పారుదల, రోడ్లు మాత్రమే అందులో ఉన్నాయి. భూవినియోగ అంచనాలు, మూలధన పనుల ప్రణాళిక ముందు సిద్ధం కావాలి. సలహా సంఘం వాటిని పరిశీలించాలి. కనీసం ఐదేళ్లకొకసారి సవరించాలి. ఇది పెంపుకు మాత్రమే ఉద్దేశించినది కాదు. అంచనా వ్యయం తగ్గితే రుసుమూ తగ్గాలి.

ఫ్లోరిడా 2021లో ఒక అడుగు ముందుకు వేసి పెంపు వేగానికే కళ్లెం వేసింది. 25 శాతం వరకు పెంపును రెండు సమాన వార్షిక విడతలలో, 25 నుండి 50 శాతం మధ్య పెంపును నాలుగు విడతలలో అమలు చేయాలి. 50 శాతానికి మించరాదు. నాలుగేళ్లలో ఒకసారికి మించి పెంచరాదు. అసాధారణ పరిస్థితులు నిరూపిస్తే తప్ప ఈ పరిమితులు దాటడానికి వీలులేదు. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. ఏళ్ల తరబడి పాత రేటు కొనసాగిన నగరానికి అసలు వ్యయాన్ని చేరుకోవడం కష్టమవుతుంది. అయినా హఠాత్తు పెంపు నుండి గృహ కొనుగోలుదారులకు రక్షణ లభిస్తుంది.

అమెరికా సుప్రీంకోర్టు 1987 నాటి నోలన్ కేసులోను, 1994 నాటి డోలన్ కేసులోను అనుమతికి పెట్టే షరతుకూ నిర్మాణ ప్రభావానికీ సంబంధం ఉండాలని, షరతు ఆ ప్రభావానికి దాదాపు అనుపాతంలో ఉండాలని చెప్పింది. అవి స్థలాన్ని వదులుకోవలసిన షరతులకు సంబంధించినవి. చట్టసభ అందరికీ ఒకే రేటుగా నిర్ణయించిన రుసుముకు ఈ పరీక్ష వర్తిస్తుందా అన్నది చాలాకాలం తేలలేదు. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో తన స్థలంలో ఇల్లు అమర్చుకోదలచిన ఒక యజమాని 23,420 డాలర్ల ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజు చెల్లించి వ్యాజ్యం వేశారు. 2024 ఏప్రిల్ 12న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, చట్టసభ నిర్ణయించినదన్న కారణంతో రుసుముకు ఆ పరీక్ష నుండి మినహాయింపు రాదని తీర్పు చెప్పి, కేసును తిరిగి రాష్ట్ర న్యాయస్థానానికి పంపారు. రుసుము తప్పని కోర్టు అనలేదు, పరీక్షకు నిలవాలని మాత్రమే అన్నది. కొన్ని వార్తలలో ఈ తేడా లోపించింది.

మన న్యాయస్థానాల మాట

భారత రాజ్యాంగంలోని 265వ అధికరణం ప్రకారం చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ విధించరాదు. పన్నుకూ రుసుముకూ భేదాన్ని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరించింది. రుసుము ఒక ప్రత్యేక సేవకు ప్రతిఫలంగా ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. తరువాతి కాలంలో ఈ సూత్రం కొంత సడలింది. ఆంధ్రప్రదేశ్‌లోని వ్యవసాయ మార్కెట్ రుసుముకు సంబంధించిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో, సేవకూ రుసుముకూ మధ్య గణిత శాస్త్రపు కచ్చితత్వం అవసరం లేదని, స్థూలమైన సంబంధం ఉంటే చాలునని న్యాయస్థానం పేర్కొన్నది. మన రాష్ట్రం నుండి వెళ్లిన ఈ కేసు దేశవ్యాప్తంగా రుసుముల వివాదాలలో నేటికీ ఉదహరించబడుతున్నది.

పట్టణాభివృద్ధి విషయంలో మరింత నేరుగా వర్తించేది 1992 నాటి అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసు. అనుమతి ఇచ్చే అధికారం ఉన్నది గనుక అభివృద్ధి రుసుము విధించే అధికారమూ అందులోనే ఇమిడి ఉన్నదని ఆ సంస్థ వాదించింది. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. రుసుము విధించే అధికారాన్ని చట్టం స్పష్టంగా ఇవ్వాలని, దానిని ఊహించుకోరాదని తీర్పు చెప్పింది. తమిళనాడు మౌలిక సదుపాయాల, వసతుల చార్జీని విధించదలచినప్పుడు 2007లో పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టానికే సవరణ చేసింది.

రేటు సవరణ ఉత్తర్వు ముసాయిదా సిద్ధం చేసే అధికారి ముందుగా చూడవలసినది ఇదే. సవరణకు ఆధారం మాతృచట్టంలో ఉన్నదా, నిబంధనలలో ఉన్నదా, లేక గత ఉత్తర్వులో మాత్రమే ఉన్నదా? చివరిదే అయితే, పెంచిన రేటుతో పాటు అసలు వసూలే వివాదంలో పడే ప్రమాదం ఉంటుంది.

సవరణ సమయంలో

కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2017లో వెలువరించిన విలువ రాబట్టే ఆర్థిక విధాన పత్రం అభివృద్ధి చార్జీలను, ఇంపాక్ట్ ఫీజును నగరాలకు అందుబాటులో ఉన్న సాధనాలలో చేర్చింది. సాధనం ఉండటం ఒకటి, దానిని వాడే తీరు మరొకటి.

రేటు ప్రాంతాన్ని బట్టి మారాలా, నగరమంతటా ఒకటే ఉండాలా అన్నది తరచు ఎదురయ్యే ప్రశ్న. భూమి ధర ఎక్కువగా ఉన్నచోట రేటు ఎక్కువగా ఉంచడం పరిపాటి. ఇది చెల్లించే శక్తిని చూస్తుంది గానీ భారాన్ని చూడదు. ఇప్పటికే విశాలమైన రోడ్లు, పెద్ద పైపులు ఉన్నచోట అదనపు భవనం వల్ల అయ్యే వ్యయం తక్కువ. ఏమీ లేని శివారులో ఎక్కువ. భారాన్ని బట్టి చూస్తే శివారులోనే రేటు హెచ్చుగా ఉండాలి. అలా చేస్తే చౌక ఇళ్లు కొనేవారిపైనే ఎక్కువ భారం పడుతుంది. ఈ రెండింటి మధ్య ఏ మార్గం ఎంచుకున్నా, ఎందుకు ఎంచుకున్నారో ఉత్తర్వుతో పాటు జతపరచే వివరణలో ఉండాలి. తక్కువ విస్తీర్ణపు ఇళ్లకు రాయితీ ఇవ్వదలిస్తే, ఆ మేరకు తగ్గే రాబడిని బడ్జెట్ నుండి ఎస్క్రో ఖాతాలో జమచేయడం సరియైన పద్ధతి. మిగిలిన నిర్మాణదారుల రేటులో దానిని కలపడం తగదు.

నిర్మాణదారే స్వయంగా పని చేసి ఇచ్చిన సందర్భాలూ ఉంటాయి. లేఅవుట్ వెలుపలి కాల్వను తన ఖర్చుతో వెడల్పు చేసినా, రోడ్డుకు స్థలం ఉచితంగా వదిలినా, ఆ విలువను రుసుములో మినహాయించాలా, బదలాయించదగిన అభివృద్ధి హక్కుల రూపంలో ఇవ్వాలా అన్నది ముందే తేలాలి. ఒకే పనికి రెండు చోట్లా లబ్ధి ఇవ్వరాదు, ఏ ఒక్కచోటా ఇవ్వకపోవడమూ తగదు.

చెల్లింపు గడువు కూడా రేటు అంత ముఖ్యమైనదే. మొత్తం సొమ్మును అనుమతి సమయంలోనే తీసుకుంటే నగరానికి పని ముందుగా మొదలుపెట్టే వీలు కలుగుతుంది. నిర్మాణదారు మాత్రం ఫ్లాట్లు అమ్ముడుపోకముందే అప్పు తెచ్చి చెల్లించాలి, ఆ వడ్డీ చివరకు కొనుగోలుదారు ధరలో చేరుతుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా వాయిదా వేస్తే ఆ భారం తగ్గుతుంది గానీ, నివాసులు చేరేనాటికి పైపు సిద్ధంగా ఉండదు, చెల్లించకుండానే జనం ప్రవేశించిన భవనం నుండి వసూలు కష్టమవుతుంది. వాయిదాలతో కూడిన మధ్యేమార్గంలో బ్యాంకు గ్యారంటీ వంటి హామీ తీసుకోవడం అవసరం.

విలేకరులకు ఉపకరించే ప్రశ్నలు ఎస్క్రో ఖాతా చుట్టూ ఉంటాయి. గత ఐదేళ్లలో ఏ ప్రాంతం నుండి ఎంత వచ్చింది, అందులో సగం అదే ప్రాంతంలో ఖర్చయిందా, ఏ పని మీద ఖర్చయింది, ఎంత నిల్వ ఉంది, సాధారణ నిధికి ఎప్పుడైనా మళ్లిందా అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగదగిన వివరాలు. కార్యాలయాలే వీటిని ఏటా ప్రకటిస్తే అడిగే అవసరమే ఉండదు. ఈ పట్టిక లేకుండా వెలువడే పెంపు ప్రకటన, ఎంత న్యాయమైనదైనా, ఖజానా నింపుకోవడానికేనన్న విమర్శకు సమాధానం చెప్పలేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరదల తరువాత నాలాల విస్తరణకు నిధుల ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. నాలా ఎగువన కొత్తగా వచ్చిన నిర్మాణాల నుండి వచ్చిన రుసుము ఆ నాలాకే చేరిందని చూపగలిగిన చోట పెంపును సమర్థించడం సులభం.

సవరణ అమలు తేదీ విషయంలో స్పష్టత లేకపోతే చిక్కులు వస్తాయి. పెంపు ఖాయమని తెలిసిన వారంలోనే అసంపూర్ణ పత్రాలతో దరఖాస్తులు వెల్లువెత్తడం సహజం. ఏ రేటు వర్తించాలన్నది దరఖాస్తు తేదీని బట్టా, అన్ని పత్రాలూ సక్రమంగా అందిన తేదీని బట్టా, అనుమతి జారీ తేదీని బట్టా అన్నది ఉత్తర్వులోనే ఉండాలి. అన్ని పత్రాలూ సక్రమంగా అందిన తేదీని ప్రమాణంగా తీసుకుంటే కార్యాలయంలో జరిగే జాప్యానికి దరఖాస్తుదారు మూల్యం చెల్లించవలసిన స్థితి రాదు, పేరుకు మాత్రమే వేసిన దరఖాస్తులకూ పాత రేటు లభించదు. పాత రేటుపై అనుమతి పొంది, గడువులోగా నిర్మాణం ప్రారంభించని భవనానికి అనుమతిని ఏ రేటుపై పునరుద్ధరించాలన్నది, అనుమతి తరువాత అదనపు అంతస్తులు కోరితే మొత్తం భవనానికా, అదనపు వైశాల్యానికి మాత్రమేనా కొత్త రేటు వర్తించేది అన్నది కూడా అదే ఉత్తర్వులో పొందుపరచాలి.